అమ్మకు మాటలు నేర్పబోయిన

ముందుగల్లనే చెప్పేస్తున్న. నేను జర పెంచి చెప్తా. జర అన్నది కూడ తగ్గించి అన్నదే. మా ఇంట్ల ఎలుక కనబడితే, నేను గడప దాటేసరికి అది పందికొక్కు అయితది. చాయ హోటల్ కాడికి చేరేసరికి దానికి కోరలు మొలుస్తయి. దీంట్ల నా తప్పేం లేదు, నా పనే గట్లాంటిది. ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క సందుల నాకు ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉన్నది. జేబుల పట్టేంత ఫొటో తెస్తే, దాన్ని ఇంటి గోడంత చేసి ఇచ్చుడే నా బతుకు. పొద్దుందాక గదే పని చేసిన మనిషి పొద్దుగూకి నోరు తెరిస్తే మాటలు మాత్రం ఉన్న సైజుల ఎట్ల వస్తయి? అందుకని, డప్పు ఎంత దూరం వినబడ్డది, జనం ఎంతమంది వచ్చిండ్రు అన్నకాడ మీరు సగానికి సగం కోసుకోండ్రి. నేనేమనుకోను. ఒక్క చోట మాత్రం పెంచుడు కాదు, మొత్తానికే పుట్టించిన. అది ఎక్కడనో ఆఖరికి నేనే చెప్తా. అందాక అన్నీ నమ్మండ్రి.

మా ఊరి పోచమ్మకు, నాకు ఉన్న దోస్తానా ఇంకెవ్వరికీ లేదని నేను చానా ఏండ్లు అనుకున్న. ఎందుకనుకోను? బోనాలొచ్చినయంటె ఈ చుట్టుపక్కల ఊర్ల అమ్మవార్లంత నా కంప్యూటర్లనే ముస్తాబైతరు. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫోల్డర్. ఒకామెకు ముక్కుపుడక మసకబారితే మెరిపించింది నేను. ఇంకొకామెకు చీర అంచు మీద గీతలొస్తే తుడిచింది నేను. అమ్మ కింద లీడర్ల ఫొటోలు పెట్టేటప్పుడు "అన్నా, నా ముఖం జర పెద్దగ రావాలె" అని మీద పడేటోళ్లతోటి ఆమె తరఫున కొట్లాడింది కూడ నేనే. ఒకసారి ఒకాయన తన తలకాయ అమ్మ తలకాయ పక్కకు తెప్పించుకొని, అది చాలక, "గా కిరీటం నాకు కూడ పెట్టొస్తదా?" అని అడిగిండు. పెట్ట పొమ్మన్న. అమ్మ కోసం గిరాకిని వాపస్ పంపిన మనిషిని నేను.

గది ఒక్కటే కాదు, చదువుకున్న కూడ. దేవుడు ఒక్కడా, మస్తుమందా? యాపాకు ఎందుకు, నిమ్మకాయ ఎందుకు? అమ్మ నాలుక ఎందుకు ఎర్రగుంటది? ఏదన్న అడుగుండ్రి, నా దగ్గర జవాబుంటది. ఒక్కటి కాదు, మూడు జవాబులుంటయి, మూడిట్లల్ల మీకు నచ్చింది తీసుకోవచ్చు. గుడి కాడ మైకు నా చేతికి వచ్చిందంటె మల్ల తీసుకున్నోడు లేడు. కరెంటు పోవాలె, లేకుంటె వాన రావాలె. ఒకసారి రెండూ కలిసి వచ్చినయి, నేను గొడుగు పట్టుకొని ఒట్టి గొంతుతోటి చెప్పిన. వినేటోళ్లు లేరు గని, చెప్పిన.

ఇంత చేస్తే, ఏడాదికొకసారి పోచమ్మ దిగొచ్చేది ఎవరి మీదికి?

నా భార్య మీదికి.

ఆమె ఇంట్ల జాకెట్లు కుడుతది. మంత్రం రాదు, స్తోత్రం రాదు. శుక్రారం దీపం పెడుతది గని, అటు దీపం ముట్టించుకుంట ఇటు టీవీ సీరియల్ల కోడలు ఏడుస్తుందా లేదా అని ఒక కన్ను గటే ఉంచుతది. ఏ దేవునికి ఏ వారం అని అడిగితే "క్యాలెండర్ల ఉంటది, సూసుకో" అంటది. గసొంటి మనిషి బోనాల ఆదివారం నెత్తి మీద అన్నం వండిన బోనం కుండ పెట్టుకొని గుడి ముందటికి రాంగనే, డప్పు దరువు మారంగనే, మారిపోతది. ముందుగల కండ్లు నిలబడిపోతయి. తర్వాత భుజాలు. బోనాన్ని పక్కామె అందుకుంటది. ఇగ ఊగుడు మొదలైతది. మా దిక్కు దీన్ని శిగమూగుడు అంటరు. అమ్మ ఒంటి మీదికి వచ్చిందని జనం కాళ్ల మీద నీళ్లు పోస్తరు, చేతికి యాపకొమ్మ ఇస్తరు, మనసుల ఉన్నది అడుగుతరు. అమ్మ చెప్పేది రెండు మూడు మాటలే. "వాన పడతది బిడ్డా." "నా ముంగట లొల్లి పెట్టకుండ్రి." "సాక పొయ్యండ్రి." సాక అంటె ఏం లేదు, పసుపు, యాపాకు కలిపిన నీళ్లు. గంతే.

గా రెండు మాటలు ఊరంత ఏడాదిపొడుగు చెప్పుకుంటది. నేను ఏడాదిపొడుగు చెప్పింది రెండు దినాలు కూడ గుర్తుండది.

నా కడుపుల మంట అప్పటిది. భార్య పక్కింటాయనను పొగిడితే కుళ్లుకునే మొగోళ్లను చూసిన. అన్న పొలం పెరిగితే ఓర్వలేనోళ్లను చూసిన. భార్య మీదికి దేవత వస్తుందని కుళ్లుకున్నోడు ఈ జిల్లాల నేనొక్కడినే అనుకుంట. అన్నింటికంటె ఎక్కువ మండింది ఎక్కడంటె, మా అక్క కాడ. మా కన్నతల్లి చిన్నప్పుడే పోయింది, నన్ను చంకల ఎత్తుకొని సాకింది అక్కనే. రెండు గల్లీల అవుతల ఉంటది. నాకు నెత్తి నెరిసినా ఇంకా చెవి పట్టుకొనే పలకరిస్తది. ఆమెకు, నా భార్యకు ఏడాదంత పచ్చిపులుసుల ఉప్పు కాడ పంచాయితీ. గసొంటి అక్క, బోనాల నాడు వంగి మరదలి కాళ్లు మొక్కుతది. నా మాట కూడ వినని అక్క!

నాకు కూడ రావాలె అని పోయిన ముందటేడు పట్టు పట్టిన. పొద్దుగాల్నించి ఉపాసం. మిర్చిబజ్జీలు రెండు తిన్న గని, మిరపకాయ కూడ పండే గదా అని పండ్ల లెక్కల వేసుకున్న. తల స్నానం చేసి, పంచె కట్టి, డప్పులోళ్ల ముందట, యాపచెట్టు మొదట్ల నిలబడ్డ. కండ్లు మూసుకున్న. అమ్మకు ఎన్ని పేర్లున్నయో అన్ని పేర్లతోటి పిలిచిన. డప్పులు ఎట్ల మోగినయంటె, నాదర్‌గుల్‌ల ఇమానం నడుపుడు నేర్చుకునే పిలగాడు భయపడి కిందికి దించేసిండంట. నాలోపట మాత్రం ఏం కదలలే. రాలే. ఒక్క వెంట్రుక కూడ లేవలే. అటు పక్క నా భార్య అప్పుడే ఊగుతున్నది.

గప్పుడు ఒక గండుచీమ నా పంచెల దూరింది.

ఎక్కడ కుట్టిందో చెప్ప. నేను ఎగిరిన. ఎంత ఎత్తు ఎగిరిన్నో మీరే పెంచుకోండ్రి. "వచ్చింది! అన్నకు కూడ వచ్చింది!" అని ఎవరో అరిచిండ్రు. కండ్లు తెరిచేసరికి నా కాళ్ల మీద నీళ్లు, నెత్తి మీద పసుపు, చేతిల యాపకొమ్మ. జనమంత దండం పెడుతున్నరు.

"ఎవరివి తల్లీ? పోచమ్మవా, ఎల్లమ్మవా?" అని అడిగిండ్రు.

చీమ కుట్టిందయ్యా అంటె అయిపోతుండె. నోటి దాక వచ్చింది. గని అన్ని కండ్లు నా దిక్కు చూస్తుంటే, ఇన్నేండ్ల మంట అంత లోపల కూసొని ఉంటే, ఇగ ఆగుతనా? "నేను ఆదిశక్తిని" అన్న. "సృష్టికి ముందు ఏమున్నది? ఏమీ లేదు. నేనున్న" అని అందుకున్న. అందుకొని, సూర్యుణ్ణి పుట్టిచ్చిన, చంద్రుణ్ణి పుట్టిచ్చిన, యాపాకు గుణాలు చెప్పిన, మూడు జవాబులు మూడూ చెప్పిన. జనం మొదట్ల దండం పెట్టిండ్రు. తర్వాత చేతులు దించిండ్రు. తర్వాత కూసున్నరు. డప్పులోళ్లు డప్పులు కాక చేసుకుంటమని మంట కాడికి పోయిండ్రు.

గప్పుడు మా అక్క లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకొని అన్నది: "గిది అమ్మ కాదు. మా తమ్ముడే. అమ్మ గిన్ని మాట్లాడదు."

జనం గప్పుడు నవ్విన నవ్వు తుక్కుగూడ దాక పోయి మల్ల వచ్చింది. ఆ తర్వాత నేను హోటల్ల కాలు పెడితే చాలు, "ఆదిశక్తికి ఒక చాయ!" అని అరిచేటోళ్లు.

నిరుడు బోనాల ముందట అక్క గొంతు కింద గడ్డ పెరిగింది.

అది ముందటి నుంచి ఉన్నదే, శెనగ్గింజంత. అందరం చూసి ఊకున్నం. నిరుడు అది నిమ్మకాయంత అయింది. ఈ నిమ్మకాయను నేను పెంచలే, మీరు కొయ్యకుండ్రి. పట్నం దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు వేలితోటి ఒత్తి చూసి, "ఇది తీసెయ్యాలె, తీసి పరీక్షకు పంపాలె, లేట్ చేయకుండ్రి" అన్నడు. అక్క కొంగు గొంతుకు చుట్టుకొని లేచింది.

"అమ్మను అడిగినంకనే" అన్నది.

"అక్కా, అమ్మకేం తెలుసు గడ్డల గురించి?"

"నీకేం తెలుసు అమ్మ గురించి?"

నేను మూడు జవాబులు తీసేలోపట ఆమె ఆటో ఎక్కి కూసున్నది.

ఆమె భయం నాకు ఎరుకనే. కోడినైనా, మేకనైనా అమ్మ ముందట కత్తి పెట్టేది గొంతు మీదనే. అమ్మకు చెప్పకుంట తన గొంతు మీద ఎవడో కత్తి ఎట్ల పెడతడు? ఇంకోటి, ఆపరేషన్ ముందట పుస్తెలతాడు తీసెయ్యాలెనని నర్సు చెప్పింది. పెండ్లి నాటి నుంచి అది ఆమె మెడల నుంచి దిగలే. బావను అడిగితే, బావ మాట్లాడే మనిషి కాదు, "ఆమె ఇష్టం" అని బీడీ ముట్టించుకున్నడు.

నేను ఊకుంటనా? పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకినంక ఒకపారి పోయి చెప్పిన. దేవుడే డాక్టరు రూపంల వస్తడన్న. ఫోన్ల వీడియోలు చూపించిన. "నీకేం కాదు, తప్పకుంట మంచిగైతది, నాది గ్యారంటీ" అని అన్న. నేను గ్యారంటీ అన్నప్పుడల్ల అక్క కొంగు ఇంకో చుట్టు చుట్టుకున్నది. ఇట్లనే పోతే చీరంత మెడకే అయితదని ఊకున్న.

బోనాలు ఇంక వారమే ఉన్నయనంగ నా భార్య దగ్గర కూసున్న. ఆమె జాకెట్‌కు హుక్కులు కుడుతున్నది.

"ఏమే, ఈసారి అమ్మ వచ్చినప్పుడు, ఆపరేషన్ చేయించుకో బిడ్డా అని అక్కకు ఒక్క మాట చెప్పరాదు?"

తలెత్తలే. "నాకు చెప్తవేంది? పోయి అమ్మకు చెప్పుకో."

"చెప్పేది నీ నోరే గదా?"

"నా నోరు గీ హుక్కులయ్యేదాక ఖాళీ లేదు" అని సూదిని పంటి కింద పెట్టుకున్నది.

సరే, అమ్మకే చెప్పుకుందమని పోయిన. మా పోచమ్మ గుడి పెద్దదేం కాదు, ప్లాట్ల బోర్డుల మధ్యల ఒక్క అర్ర. మిట్టమధ్యాహ్నం, పిట్ట కూడ లేదు. లోపల అమ్మ, పసుపు రాసిన రాయి, రెండు వెండి కండ్లు. నేను ఎదురుంగ కూసొని, దుకాణంల గిరాకికి ప్రూఫ్ చదివి వినిపించినట్లు వినిపించిన.

"తల్లీ, జర ఇను. అక్క అడుగుతది. నువ్వు ఇట్లనాలె. 'బిడ్డా, భయపడకు. డాక్టరు చేతిల నేనే ఉంటా. పోయి ఆపరేషన్ చేయించుకో.' ఇంతే. కొత్తదేం కలపకు. తియ్యకు. 'నేనే ఉంటా' కాడ జర ఆగు, జనానికి ఒళ్లు జలదరిస్తది. మల్లొకసారి చెప్తున్న, ఇను..."

మల్లొకసారి చెప్పిన. నీ ఫ్లెక్సీ ఎన్నేండ్ల సంది ఉత్తగ కొట్టి ఇస్తున్ననో కూడ యాది చేసిన. వెండి కండ్లు నన్ను చూసినయి. ప్రూఫ్ చూపిస్తే కొందరు గిరాకులు బాగున్నది అనరు, బాగలేదు అనరు, గట్లనే చూస్తరు. నేను ఓకే అనుకొని లేచిన.

బోనాల నాడు ముందు వరుసల నిలబడ్డ, చీమలు లేని తావు చూసుకొని. ఈసారి నాకు రావాలెనని లేదు. ఆమెకే రానియ్యి, గని నా మాట రావాలె. నోరు ఆమెది, రాత నాది. గిట్ల లెక్క కట్టుకుంటే కడుపుల మంట సగం సల్లారింది. ఊరంత ఆమె కాళ్లు మొక్కుతది గని, మొక్కేది నా మాటకే అని నాకు తెలుసు గదా!

దరువు మారింది. ఆమె కండ్లు నిలబడ్డయి. బోనం దించిండ్రు. జుట్టు ముడి ఊడింది. ఊగుడు మొదలైంది. ఎన్నేండ్ల నుంచి చూస్తున్నా గా ఘడియల నా ఇంట్ల అన్నం వండే మనిషి ఎటు పోతదో నాకు అంతు చిక్కది. అక్క ముందటికి పోయి మోకాళ్ల మీద కూసున్నది. కొంగు తీసింది. గడ్డ అందరికీ కనబడ్డది.

"తల్లీ, నా గొంతు మీద కత్తి పెడ్తమంటున్నరు. పోవాల్నా, వద్దా? పోతే మల్ల ఇంటికి వస్తనా?"

నేను పెదవులు కదిలిస్తున్న. బిడ్డా, భయపడకు...

ఊగుడు ఆగింది. ఎన్నడు ఆగది అట్ల. డప్పులోళ్లు కూడ ఆపిండ్రు.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నది అమ్మ.

ఎవరికీ అర్థం కాలే. "అమ్మ కోపమైంది, సాక పొయ్యండ్రి!" అని పెద్దమనిషొకాయన అరిచిండు. పోసిండ్రు. అక్క మల్ల అడిగింది. నేను ఇగ ఆగలేక దగ్గుకుంట, "డాక్టరు చేతిల... డాక్టరు చేతిల..." అని అందించిన. గప్పుడు గా కండ్లు నా దిక్కు తిరిగినయి. పెండ్లయిన సంది చూస్తున్న కండ్లే. నన్ను ఎన్నడు చూడని కండ్ల లెక్క చూసినయి. నా దగ్గు నాలుక మీదనే ఉండిపోయింది.

"నాకు తెల్వదు" అన్నది మల్ల, మెల్లగ. అని, వంగి, పసుపు చెయ్యి అక్క గొంతు మీద పెట్టింది. జరమొచ్చిన పిల్లకు ఒళ్లు చూసినట్లు, అరచెయ్యంత ఆనిచ్చి. చానా సేపు తియ్యలే. అక్క కండ్లు మూసుకున్నది. నేను ఇద్దరికి మధ్యల ఉన్న గా చెయ్యిని చూసుకుంట నిలబడ్డ. నా జన్మల దేన్ని చూసి గంతగ కుళ్లుకోలే. ఎవరి మీద కుళ్లో కూడ తెల్వలే. గసొంటి చెయ్యి నాకు లేదనా, గా చెయ్యి నా మీద లేదనా?

తర్వాత ఆమె ఒరిగింది, ఆడోళ్లు పట్టుకున్నరు.

నాకైతే మస్తు కోపమొచ్చింది. సదివి వినిపిస్తి, రెండుసార్లు వినిపిస్తి! అయినా దేవతకు తెల్వనిది ఉంటదా? 'సర్వం తెలిసిన తల్లి' అని ఎర్ర అక్షరాలతోటి నేనే కొట్టిన, గుడి ముందట కట్టి ఉన్నది, కావాలంటె చూసుకోండ్రి. ఇన్నేండ్ల నా ఉపన్యాసాలల్ల నేనే ఎన్నడు అనని మాట, తెల్వదు అన్న మాట, అమ్మ నోట్లెకెళ్లి ఎట్ల వస్తది? ఇంక అక్క ఎన్నటికీ దవాఖాన మొఖం చూడదు, అంత నాశనమైంది అని తిట్టుకుంట పోతే, అక్క గుడి అరుగు మీద కూసొని బోనం అన్నం తింటున్నది. కొంగు భుజం మీదనే ఉన్నది. గొంతుకు లేదు.

"తమ్మీ, డాక్టరు ఎప్పుడు రమ్మన్నడురా?"

"పోతవా?"

"పోత. ఆమెకే తెల్వదంటున్నది, ఇగ గాయననే అడగాలె."

"ఇన్ని దినాల సంది నేను మొత్తుకుంటే వినలే! గ్యారంటీ అంటి గదనే!"

అక్క చెయ్యి కడుక్కున్నది. "నువ్వు అంత తెలిసినట్లు చెప్తివి. నువ్వు ఏం కాదు ఏం కాదు అన్న కొద్ది నాకు భయమైంది. ఒక్కదాన్నే భయపడుతున్న అనిపించింది. అమ్మ తెల్వదన్నది. నాకు కూడ తెల్వదు. ఇద్దరం ఒక్క తీరే ఉన్నం గదరా." అని లేచి, నా చెవి పట్టుకొని, "నువ్వెందుకు దగ్గినవ్ రా మధ్యల?" అన్నది.

డాక్టరు దగ్గరికి పోయినం. అక్క సక్కగ అడిగింది, "అయ్యా, మంచిగైతదా?" డాక్టరు కండ్లద్దాలు తీసి, "తీసి చూస్తే గని తెల్వదమ్మా" అన్నడు. అక్క నా దిక్కు తిరిగి సంబురంగ చూసి, "గీయన మంచోడురా" అన్నది. అంటె, చెడ్డోడు ఎవరో నేను అర్థం చేసుకోవాలె.

ఆపరేషన్ నాడు పొద్దుగాల పుస్తెలతాడు తీసి బావ చేతిల పెట్టింది. బావ దాన్ని దస్తీల చుట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు. పెట్టుకొని, జేబు మీద చెయ్యి పెట్టి కూసున్నడు. లోపలికి తీసుకపోయిండ్రు. నేను మాట్లాడుడు మొదలుపెట్టిన. వాచ్‌మన్‌తోటి మాట్లాడిన, పక్క బెంచి మీద ముసలామెతోటి మాట్లాడిన, గోడ మీద ఉన్న దేవుని ఫొటో గురించి దాని రంగులు ఎట్ల తప్పిచ్చి కొట్టిండ్రో మాట్లాడిన. మాటలు అయిపోయినయి. నమ్మండ్రి, నాకు మాటలు అయిపోయినయి. తలుపు మాత్రం తెరుస్తలేరు.

బావ జేబు మీది చెయ్యి తియ్యకుంటనే అడిగిండు. "మంచిగైతదా?"

పెండ్లయిన సంది బావ నన్ను ఒక్క సంగతి కూడ అడగలే. ఇన్నేండ్లకు అడిగిండు. నా దగ్గర గ్యారంటీ రెడీగ ఉన్నది, నాలుక చివరనే ఉన్నది. నోరు తెరిచిన.

"నాకు తెల్వదు బావా."

బావ మా ఇద్దరి మధ్యల ఉన్న నీళ్ల బాటిల్ తీసి కింద పెట్టి, జర ఇటు జరిగి కూసున్నడు.

అక్క మంచిగనే బయటికొచ్చింది. గడ్డను పరీక్షకు పంపితే అది చెడ్డదేం కాదని తేలింది. గొంతు మీద దారమంత గీత పడ్డది, దాని కింద మల్ల పుస్తెలతాడు. గొంతు కొన్ని దినాలు బొంగురుబోయింది, గా బొంగురు గొంతుతోటి వచ్చినోళ్లందరికీ ఒక్కటే చెప్పింది. "అమ్మ చెయ్యి పెట్టింది. డాక్టరు మంచోడు. మరదలు మూడు పూటల అన్నం పంపింది." ఆటోలు మాట్లాడినోడు, లైన్ల నిలబడ్డోడు, రక్త పరీక్షల కాయితాలు పట్టుకొని దవాఖానంత ఉరికినోడు ఈ లిస్టుల లేడు. నేను అక్కడనే, ఆమె కాళ్ల కాడ, యాపిల్ కోసుకుంట కూసున్న.

గా మంటతోటే ఇంటికొచ్చిన. నా భార్య మిషన్ మీద కూసొని బాబిన్‌కు దారం చుట్టుకుంటున్నది. ఇగ అడగాల్సిందే అని అడిగిన.

"నిజం చెప్పు. ఆమె వచ్చినప్పుడు ఎట్లుంటది? ఇన్నేండ్ల సంది నీ మీదికి వస్తున్నది. నేను గింత చదివిన, నాకు ఒక్కసారి రాలే. కనీసం ఎట్లుంటదో చెప్పు. గా తెల్వదు అన్నది ఆమెనా, నువ్వా?"

నా భార్య మిషన్ ఆపింది. నా దిక్కు చూసి అన్నది:

"నేనున్నప్పుడు అమ్మ రాదు. అమ్మ వచ్చినప్పుడు నేనుండ. మేమిద్దరం ఇప్పటిదాక ఎదురుపడలే. ఇగ ఆమె ఎట్లుంటదో నన్నడిగితే నేనేం చెప్పాలె?"

బాగున్నది గదా? హోటల్ల చెప్తే గిలాసలు ఆగిపోయినయి. గా దినం నుంచి నన్ను ఆదిశక్తి అనుడు బంద్ చేసిండ్రు. అక్కకు చెప్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఈ ఏడు ఫ్లెక్సీ మీద 'సర్వం తెలిసిన తల్లి' తీసేసి ఈ మాట పెడదమని డిజైన్ కూడ చేసిన. గుడి పెద్దమనుషులు చూసి, దండం పెట్టి, "అమ్మ పలికిచ్చిందయ్యా" అన్నరు.

ఇగ ఒప్పుకుంట. డప్పు నాదర్‌గుల్ దాక పోలే, నవ్వు తుక్కుగూడ దాక పోలే. అవి మీరు అప్పుడే కోసుకొని ఉంటరు. చీమ నిజం. తెల్వదు అన్నది నిజం, ఊరంత విన్నది. గొంతు మీద చెయ్యి నిజం. బావ జరిగి కూసున్నది నిజం. పుట్టించింది ఒక్కటే, గా ఫ్లెక్సీ డిజైన్ల పెట్టిన మాట. అది నా భార్య అనలే. దుకాణంల ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఎండబెట్టుకుంట నేనే అల్లిన. ఏం చేయాలె, జవాబు లేకుంట నాకు నిద్ర పట్టది. ఒకపారి అమ్మ నోట్లె మాట పెట్టబోతి, ఆమె ఉంచుకోలే. మల్ల పోయి భార్య నోట్లె పెట్టిన. ఫ్లెక్సీ ఇంకా కొట్టలే. డిజైన్ ఉన్నది, రోజు తెరిచి చూసి మూసేస్తున్న.

ఆ దినం అడిగితే నిజంగ ఏమైందంటె, ఆమె మిషన్ ఆపింది. నన్ను చూసింది. జవాబు వెతుకుతున్నదా, లేక నాకు చెప్పినా పట్టదని ఊకున్నదా, నాకు తెల్వదు. "జర చాయ పెట్టరాదు" అన్నది.

పోయి పెట్టిన. ఆమె బాబిన్ పక్కకు పెట్టి, రెండు చేతులతోటి గిలాస పట్టుకొని తాగింది. నేను ఎదురుంగ కూసొని ఆమె ముఖం చూస్తున్న, ఏమన్న కనబడతదేమో అని.

"చక్కెర ఎక్కువేసినవ్" అన్నది.